పలక చీలే వైపు

మార్కాపురంలో సోషల్ అంటే అనురాధ మేడం, అనురాధ మేడం అంటే నోట్సు. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. పంతొమ్మిదేళ్ళుగా ఒకే ప్రైవేటు బడిలో తొమ్మిది, పది తరగతులకు ఆమె సాంఘికశాస్త్రం చెబుతోంది. ఆమె నోట్సు జిరాక్సు దుకాణాల్లో దొరుకుతుంది. పొదిలి నుంచి బస్సెక్కి వచ్చి కొనుక్కుపోయే తల్లిదండ్రులు కూడా ఉన్నారు. పైన ప్రశ్న, కింద జవాబు, జవాబులో గీత గీసిన మాటలు. ఆ మాటలు పడితే మార్కులు పడతాయి, పడకపోతే పడవు. ఇంత తేటగా ఉన్న పద్ధతిని జనం ఎందుకు తిడతారో అనురాధకు ఎప్పుడూ అర్థం కాలేదు.

బట్టీ చదువని ఎవరైనా మూతి ముడిస్తే ఆమెకు ఒళ్ళు మండేది. మండదా మరి. చంద్రశేఖరపురం అవతల వాన మీద ఆధారపడ్డ నాలుగెకరాల కంది చేను వాళ్ళది. నాయన నరసింహం వేలిముద్ర మనిషి. పాఠం ముందేసుకుని ఇదిగో దీని అర్థం ఇదమ్మా అని చెప్పే దిక్కు ఆ ఇంట్లో లేదు. మేకల వెంట తిరుగుతూ, పుస్తకం రవికెలో దోపుకుని, పేజీ తర్వాత పేజీ నోటికి పట్టింది. ఆ పట్టిన చదువే ఆమెను డిగ్రీ గట్టెక్కించింది, బీఈడీ చేయించింది, కుర్చీ ఇచ్చింది. అర్థం చేసుకోవడం అన్నది ఇంట్లో చెప్పేవాళ్ళున్న పిల్లల భోగం, లేని పిల్లలకు జ్ఞాపకమే ఆస్తి అని ఆమె నమ్మకం. ఆ నమ్మకంలో సగం నిజముంది కాబట్టే అది అంత గట్టిగా నిలబడింది.

ఈ ఏడు ఆ నోట్సుకు పెళ్ళికళ వచ్చింది. బడి కరస్పాండెంటు నాగేంద్ర దాన్ని పుస్తకంగా అచ్చువేయిస్తానన్నాడు. మూడు బ్రాంచీల్లోనూ అదే పుస్తకం. అట్ట మీద అనురాధ పేరు, వెనక ఫోటో. నూట నలభై ప్రశ్నలకు నూట నలభై జవాబులు. సోమవారం మధ్యాహ్నం లోపు ప్రూఫుల మీద ఆమె సంతకం పెడితే ఒంగోలు ప్రెస్సుకు పోతుంది. ఫోటో కోసం ఆమె గిద్దలూరు అక్క దగ్గర నుంచి పట్టుచీర కూడా తెప్పించుకుంది. అట్ట నమూనా చేతికొచ్చినప్పుడు దాన్ని వెలుగులోకి తిప్పి మళ్ళీ మళ్ళీ చదువుకుంది. వేలిముద్ర నరసింహం కూతురి పేరు పుస్తకం మీద! నాయన ఉంటే ఆ అక్షరాల మీద చెయ్యి పెట్టి తడిమేవాడు.

సరిగ్గా ఆ వారమే తొమ్మిదో తరగతి యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుతుంటే ప్రియదర్శిని పేపరు చేతికొచ్చింది.

పద్దెనిమిదో ప్రశ్న అనురాధకు ముద్దుల ప్రశ్న. పాఠ్యపుస్తకంలో లేనిది, ఊరి మీద అభిమానంతో తానే చేర్చింది. మన మార్కాపురం పలక రాయి పలచని రేకులుగా ఎందుకు చీలుతుంది? నాలుగు మార్కులు. జవాబు ఆమెకు చిన్నప్పుడు తన సారు చెప్పింది. పూర్వం సముద్రం అడుగున బురద పొరలు పొరలుగా పేరుకుంది, అది గట్టిపడి రాయి అయింది, కాబట్టి ఆ బురద పొరలు ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడక్కడే రాయి చీలుతుంది. ఆ జవాబు తడుముకోకుండా ఒప్పజెప్పినందుకే సారు వీపు తట్టి, నువ్వు టీచరువు అవుతావే అన్నాడు. అందుకని అది ఆమెకు జవాబు కంటే ఎక్కువ.

ప్రియదర్శిని ఆ జవాబు పొల్లుపోకుండా రాసింది. రాసి ఊరుకోలేదు. కింద ఇంకో నాలుగు వరసలు గిలికింది. ‘కానీ ఇది సరిగా లేదు. మా నాయన చీల్చే రాళ్ళలో రంగు చారలు ఉంటాయి. బురద పొరలంటే ఆ చారలే కదా. రాయి వాటి మీద చీలితే ఒక్కో పలక ఒక్కో రంగులో ఉండాలి. కానీ ప్రతి పలక మీదా చారలు అడ్డంగా పోతాయి. కాబట్టి రాయి పొరల మీద చీలడం లేదు.’

అనురాధ అది రెండుసార్లు చదివింది. తర్వాత ఎర్ర పెన్నుతో అంతటినీ అడ్డంగా కొట్టేసి సున్నా పెట్టింది. పక్కన ‘అధిక ప్రసంగం’ అని రాసింది. నాలుగు మార్కులు పోయేసరికి ఆ పిల్ల రెండో ర్యాంకు నుంచి తొమ్మిదికి జారింది.

శనివారం పొద్దున ఆ పిల్ల నాయన రామయ్య బడికి వచ్చాడు. తాతల కాలంలో గొర్రెలు కాసిన ఇల్లు అది. రామయ్య మాత్రం పదహారో ఏట నుంచి పలకల షెడ్డులో ఉలి పట్టాడు. చొక్కా ఉతికి వేసుకొచ్చినా కనురెప్పల మీద రాతిదుమ్ము అట్లాగే ఉంది. గొడవకు వచ్చాడేమోనని అనురాధ నడుం బిగించింది. అతను స్టాఫ్ రూం గడప అవతలే చెప్పులు విడిచి, కూతుర్ని వెనకేసుకుని, పిల్ల ఏదో ఎదురు రాసిందంట, తల్లి లేని పిల్ల, మన్నించండి అన్నాడు.

అక్కడితో వదిలేసి ఉంటే బాగుండేది. కానీ నలుగురు టీచర్లు చూస్తున్నారు, పైగా పుస్తకం అచ్చుకు పోతోంది. అనురాధకు సాక్షి కావాల్సి వచ్చింది.

“రామయ్యన్నా, రోజూ రాయి చీల్చేది నువ్వు. నువ్వే చెప్పు. రాయి బురద పొరల మీద చీలుతుందా, చీలదా?” అని అడిగింది.

రామయ్య కూతురి వంక చూశాడు. మేడం వంక చూశాడు. తువ్వాలు కొస వేలికి చుట్టుకుని, “మీరు చెప్పినాక ఇంక తప్పేముంటాది మేడం. చదువుకున్నోళ్ళు” అన్నాడు.

నలుగురు టీచర్లూ తలలూపారు. అనురాధ గెలిచింది. ప్రియదర్శిని మాత్రం తల దించుకుంది. ఆ దించుకోవడం తన తప్పుకు కాదు, నాయన అన్న మాటకు. అది అనురాధకు తెలియకపోలేదు. ఎందుకంటే ఆ మాట ఆమె ఎక్కడో విన్నది కాదు, పుట్టి పెరిగిన ఇంట్లో విన్నది. మండలాఫీసులో, బ్యాంకులో, ఆస్పత్రిలో, ఎవరేం చెప్పినా ఆమె నాయన చెప్పులు విడిచి నిలబడి అదే అనేవాడు. మీరు చెప్పినాక ఇంకేముంది సారూ. ఆ మాట విన్న ప్రతిసారీ ఆమెకు నేలలో దూరిపోదామనిపించేది. ఈరోజు ఆ మాట తను కూర్చున్న కుర్చీ ముందు వినపడింది. మధ్యాహ్నం క్యారియర్ తెరిచి, ఒక్క ముద్ద కూడా మింగలేక మూసేసింది.

ఆదివారం పొద్దున ఆమె ఆటో ఎక్కింది. మార్కాపురంలో పంతొమ్మిదేళ్ళుండి, పలకల గురించి పంతొమ్మిదేళ్ళు పాఠం చెప్పి, ఒక్కసారి కూడా పలకల షెడ్డు గడప తొక్కలేదు. ఈ సంగతి ఆటోలో కూర్చున్నాకే ఆమెకు తట్టింది. తట్టగానే సిగ్గుతో పాటు కోపం కూడా వచ్చింది. ఎవరి మీదో చెప్పలేం, ఆటో అతను మాత్రం నాలుగు చీవాట్లు తిన్నాడు.

రామయ్య షెడ్డు రేకుల నీడన కాళ్ళు చాపుకుని పని చేసుకుంటున్నాడు. పక్కన ప్రియదర్శిని చీల్చిన పలకలు దొంతర పెడుతోంది. మేడాన్ని చూసి ఇద్దరూ లేచి నిలబడ్డారు. ఏం తప్పు జరిగిందోనని రామయ్య మొహం పాలిపోయింది. ఏం లేదన్నా, ఎట్లా చీలుస్తావో చూద్దామని వచ్చినానని అనురాధ ఓ రాతిదిమ్మ మీద కూర్చుంది. ఎదురుగా రెండు చేతుల వెడల్పు రాయి ఉంది. బూడిద రంగు మీద ఎర్రమట్టి చారలు ఏటవాలుగా దిగుతున్నాయి. చూడగానే ఆమెకు ధైర్యం వచ్చింది. తన జవాబు కళ్ళముందు బొమ్మ గీసినట్టుంది మరి. ఇదిగో పొర, ఇదిగో ఇంకో పొర. వేలు చాచి ఓ చార మీద పెట్టింది.

“ఇక్కడ చీల్చన్నా” అంది.

రామయ్య చేతిలో సుత్తి ఒక్క క్షణం ఆగింది. “ఆడనా మేడం?”

“ఆడనే.”

అతను ఉలి ఆ చార మీద పెట్టాడు. మెల్లగా రెండు దెబ్బలు, తర్వాత ఒక గట్టి దెబ్బ. రాయి మూడు వంకర ముక్కలై అతని కాళ్ళ మధ్య పడింది. పొద్దుటి నుంచి ఏరిపెట్టుకున్న వాటిలో మంచి రాయి అది. రామయ్య ముక్కలు పక్కకు నెడుతూ, నా చెయ్యి తప్పిపోయింది మేడం అన్నాడు.

అనురాధ ఆ ముక్కల వంక చూసింది, అతని చేతుల వంక చూసింది. ముప్పై ఏళ్ళ పని చేతులవి.

“నీ చెయ్యి తప్పలేదన్నా. ఇక్కడ చీలదని నీకు తెలుసు కదా?”

తెలుసు మేడం అన్నాడు రామయ్య నేల చూపులు చూస్తూ.

“మరి ఎందుకు కొట్టినావు?”

“మీరు చెప్పినారు కదా.”

నిన్న స్టాఫ్ రూంలో అతను ఇట్లాంటి మాటే అన్నప్పుడు ఖర్చయింది ఒట్టి మాటే. ఈరోజు నిక్షేపంలాంటి రాయి పోయింది. తన జవాబు ఎంత బలమైనదో ఆమెకు ఇప్పుడు తెలిసింది. తెలిసిన చేతిని కూడా తప్పు చోట కొట్టించగలదు.

ఇంకో రాయి తీసి, ఈసారి నీకు తోచినట్టు చీల్చమంది. రామయ్య దాన్ని అటూ ఇటూ తిప్పాడు. అంచు మీద బొటనవేలు నడిపించాడు. చారలతో ఏ సంబంధం లేని చోట ఉలి ఆనించి, టక్ టక్ మని సన్నగా నాలుగు దెబ్బలు వేసేసరికి రాయి పుస్తకం తెరిచినట్టు రెండుగా తెరుచుకుంది. రెండు పలకల మీదా ఎర్ర చారలు అడ్డంగా పోతున్నాయి. ఆ పిల్ల రాసింది రాసినట్టు.

అనురాధ ఆ పలక ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత ప్రియదర్శినిని పిలిచి, ఇదంతా తెలిసినదానివి నోట్సు జవాబు ఎందుకు రాసినావు, రాసినదానివి కింద మళ్ళీ ఇదెందుకు రాసినావు అని అడిగింది. గొంతులో కోపం లేదు.

“పైది మార్కులకు రాసినా మేడం. కిందది మీకు రాసినా” అంది ఆ పిల్ల. “చార మీద కాకుండా ఇట్ల ఎందుకు చీలి లేస్తాదో నాకు తెలీదు. రాస్తే మీరు చెప్తారేమో అనుకున్నా.”

అడిగిన పిల్లకు తను ఇచ్చింది సున్నా. అనురాధ ఇంటికెళ్ళి, జీవితంలో మొదటిసారి ఆ ప్రశ్నను జవాబు తెలియని మనిషిలా చదువుకుంది. ఫోనులో వెతికితే అరగంట పట్టింది. బురద పొరలుగా పేరుకున్న మాట నిజమే. కానీ ఆ తర్వాత భూమి లోపల రాయి మీద పక్కల నుంచి భయంకరమైన ఒత్తిడి పడింది. ఆ ఒత్తిడికి రాతిలోని సన్నటి రేణువులన్నీ ఒకే వైపుకు తిరిగి పడుకున్నాయి. రాయి చీలేది ఆ రేణువులు పడుకున్న వైపు. పాత పొరలు చారలుగా మిగిలాయి గానీ చీలిక మీద వాటి పెత్తనం పోయింది. అడిగిన వాళ్ళెవరికైనా ఈ సంగతి దొరికేదే. పంతొమ్మిదేళ్ళలో ఆమె అడగలేదు, అంతే.

సోమవారానికి అనురాధ తేరుకుంది. పొరపాటు మనుషులే చేస్తారు, దిద్దుకుంటే పోతుంది. నూట నలభైలో ఒక్క జవాబు మార్చి సంతకం పెట్టేస్తే పుస్తకానికేం కాదు. ఆ ధీమాతోనే తొమ్మిదో తరగతిలోకి నడిచింది. పద్దెనిమిదో ప్రశ్న తీయండి, పాత జవాబు కొట్టేసి కొత్తది రాసుకోండి అని మొదలుపెట్టి, ఒత్తిడి, రేణువులు, గీత గీయాల్సిన మాటలు, అన్నీ చెప్పుకుంటూ పోయింది. నలభై రెండు పెన్నులు పాతది కొట్టేశాయి. నలభై రెండు పెన్నులు కొత్తది రాసుకున్నాయి. ఎంత శ్రద్ధగా అది రాసుకున్నారో అంతే శ్రద్ధగా ఇదీ. ఆఖరి మాట దగ్గర గీత గీసి, తలలెత్తి, తర్వాత ప్రశ్న కోసం చూస్తున్నారు.

అనురాధ చెప్పడం ఆపేసింది. పోయిన వారం రాయి ఒక వైపు చీలింది, ఈ వారం ఇంకో వైపు చీలుతోంది. ఎందుకు మేడం అని ఒక్క గొంతు లేవలేదు. రేపు తను వచ్చి మూడో వైపు చీలుతుందని చెప్పినా రాసుకుంటారు. షెడ్డులో రామయ్య ఆగినట్టుగా ఒక్క క్షణం ఆగి, ఆడనా మేడం అని కూడా అడగరు.

ఆమె కుర్చీలో కూర్చుంది. మీలో ఎవరెవరి ఇళ్ళలో పలకల పని చేస్తారో చేతులెత్తమంది. పదిహేడు చేతులు లేచాయి. ఎత్తిన చేతులు దించొద్దంది.

“పాత జవాబు తప్పని ముందే తెలిసినవాళ్ళు చేతులు అట్లనే ఉంచండి. తెలియనివాళ్ళు దించండి. నేనేమీ అనను.”

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక చెయ్యి దిగింది, ఇంకోటి దిగింది. అంతే. పదిహేను చేతులు గాలిలో అట్లాగే నిలబడ్డాయి. ముందు బెంచీలో మొదటి ర్యాంకు రేణుక చెయ్యి కూడా అందులో ఉంది. ఆ పిల్ల పేపరు మీద పద్దెనిమిదో ప్రశ్నకు నాలుక్కు నాలుగు వేసింది అనురాధే.

“నీకూ తెలుసా రేణుకా?”

“తెలుసు మేడం. మా అమ్మ పలకల మీద చారలు కలిసేటట్టు జతలు పేరుస్తాది.”

“మరి ఎందుకు చెప్పలేదు తల్లీ?”

రేణుక లేచి నిలబడింది. భయపడుతూనే, అబద్ధం చెప్పడం చేతకాని పిల్ల కాబట్టి ఉన్నమాటే చెప్పింది. “మార్కులు పోతాయని మేడం. రాసిన ప్రియదర్శినికి పోనే పోయినాయి కదా.”

అనురాధ చేతులు లెక్కపెట్టడం మానేసింది. ఈ తరగతిలో పదిహేను. పోయినేడు ఎందరో, అంతకు ముందేడు ఎందరో. పంతొమ్మిదేళ్ళపాటు తనకంటే బాగా తెలిసిన పిల్లలు తన ముందు వరసగా కూర్చుని, తెలిసింది మింగేసి, తప్పు రాసి, తన చేత శభాష్ అనిపించుకుని పోయారు. తెలియని పిల్లలకు జ్ఞాపకం ఆస్తి అనుకుంది. వీళ్ళకు ముందే ఆస్తి ఉంది. దాన్ని బయట పెట్టి లోపలికి రమ్మన్నది తనే. ఏడుపు వచ్చింది. పిల్లల ముందు ఏడ్చే అలవాటు లేదు గనుక ముక్కు చీది, లేచి, బీరువాలోంచి పేపర్ల కట్ట తీసింది. ప్రియదర్శిని పేపరులో ‘అధిక ప్రసంగం’ కొట్టేసి, సున్నా కొట్టేసి, నాలుగు వేసింది. ఆ నాలుగు వరసలు తరగతికి గట్టిగా చదివి వినిపించింది. రేణుకకు వేసిన నాలుగు అట్లాగే ఉంచుతానంది, తప్పు చెప్పింది తను కాబట్టి.

సంచిలోంచి పుస్తకం ప్రూఫులు తీసి, కుట్టు విప్పి, కాగితాలు బెంచీకి రెండు చొప్పున పంచేసింది. ఇందులో నూట నలభై జవాబులున్నాయి, ఒకటి తప్పని తేలింది, మిగతావి మీరు చూడండి అంది. వాన గురించి సేద్యం చేసే ఇళ్ళ పిల్లలు, మేత గురించి గొర్రెల ఇళ్ళ పిల్లలు, సంత గురించి సంతకు పోయేవాళ్ళు. ఇంట్లో అడగండి, పోయి చూడండి, పుస్తకాలు తిరగేయండి, నాతో పోట్లాడండి. మరి పరీక్షలో ఏం రాయాల మేడం అని వెనక నుంచి ఎవరో అడిగారు. మంచి ప్రశ్నే అది. తప్పించుకునేది కాదు.

“నిజమని తేల్చుకున్నది రాయండి. ఎట్ల తేల్చుకున్నారో కూడా రాయండి. దానికి మార్కులు వేసేది నేనే కదా. పబ్లిక్ పరీక్ష పదిలో వస్తాది. అప్పటికి మీకు నోట్సూ నోటికొచ్చి ఉంటాది, తప్పు ఎక్కడుందో కూడా తెలిసి ఉంటాది. రెండూ ఉన్నోళ్ళను ఎవరేం చేస్తారు?”

పన్నెండు గంటలకు నాగేంద్ర గదిలోంచి పిలుపొచ్చింది. ప్రెస్సు మనిషి ఫోను చేస్తున్నాడట, ప్రూఫులు ఏవి అన్నాడు. పిల్లల దగ్గర ఉన్నాయని అనురాధ చెప్పింది. జరిగిందంతా దాచకుండా చెప్పింది. నాగేంద్ర చెడ్డవాడేం కాదు, వ్యాపారం తెలిసినవాడు. ఒక్కటే కదా మేడం తప్పు, అది మార్చేసి సంతకం పెట్టండని నచ్చజెప్పాడు. ఇంకెన్ని ఉన్నాయో నాకే తెలియదంది. అట్లా బయట అంటే మన పరువేం కావాలన్నాడు. ఈ ఏడు పుస్తకం రాకపోతే రెండో బ్రాంచి సోషల్ సారు నోట్సు సిద్ధంగా ఉంది, అదే అచ్చు వేయిస్తానన్నాడు. బెదిరింపు కాదది. నిజంగానే వేయిస్తాడు.

అట్ట నమూనా బల్ల మీదే ఉంది, పట్టుచీర ఫోటోతో సహా. అనురాధ దాని మీద నరసింహం కూతురి పేరు ఒకసారి చూసుకుంది. పోతుందంటే బాధ లేదని ఆమె నటించలేదు. బాధగానే ఉంది.

“ఆయనదే వేయించండి సార్. ఆయన ప్రూఫులు మాత్రం ప్రెస్సుకు పోయే ముందు మా పిల్లలకు ఇవ్వండి, చూసి పెడతారు. నా పుస్తకం వాళ్ళు చూసినాక వస్తాది. ఎప్పుడొస్తే అప్పుడొస్తాది.”

నాగేంద్ర ఏదో అనబోయి ఆగాడు. పైఅంతస్తు నుంచి కేకలు, బెంచీలు జరిపిన చప్పుడు, ఎవరో కాదు కాదు అని అరవడం, ఇంకెవరో అంతకంటే గట్టిగా మీ తాతను అడుగుపో అనడం.

“ఏందది? తొమ్మిదో తరగతేనా? మీరు లేకపోతే ఇట్ల చేస్తారా మేడం?” అన్నాడు.

“లేదు సార్, నేనున్నా అట్లనే చేస్తారు ఇంక” అని, అనురాధ ఆ గోలలోకి మెట్లెక్కి వెళ్ళింది.